నువ్వుగింజంత నలుపు

డాక్టరు రాసిన కాగితాన్ని డిటెక్టివ్ రెండుసార్లు చదివింది. మూడోసారి చదివితే చింపేస్తానేమోనని తిరిగి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టేసింది.

అందులో ఉన్నది నాలుగు వాక్యాలే. చిత్రంలోని శూన్యం, అందులో దూరంగా జరిగిపోతున్న ఒకే ఒక్క నల్లచుక్క, ఫొటోగ్రాఫర్ మనసులోని నిరాశకు గుర్తులట. ఆ చుక్క ఆమేనట. లోకం నుంచి తప్పుకుంటోందట. కాబట్టి ఆత్మహత్య.

“ఇది రాయడానికి మీ మానసిక వైద్యుడికి ఎంతసేపు పట్టింది?” అని అడిగింది.

“పది నిమిషాలు. ఇరవై ఏళ్ళ అనుభవం మేడమ్ ఆయనది.”

“ఆ పిల్ల బతికుండగా ఎప్పుడైనా చూశాడా?”

“ఫొటో చూశాడుగా.”

“సరే. మీ ఆవిడ గోడకి కేలండరు తగిలిస్తే, అందులో పులి బొమ్మ ఉంటే, నిన్ను తినేస్తుందని కేసు రాసుకుంటావా?”

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. వేలిముద్రల విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన ఆమె దగ్గరే అతను ఓనమాలు దిద్దుకున్నాడు. ఉద్యోగం మానేసి ఆమె సొంతంగా కేసులు పట్టుకోవడం మొదలుపెట్టాక, స్టేషన్లో ఆమెకు మొండిఘటం అని పేరు పెట్టిందీ అతనే.

“మీరు నేర్పిందే మేడమ్. ఆధారం ఉంటే మాట్లాడాలి. ఒంటి మీద దెబ్బ లేదు, పెనుగులాట లేదు. శనివారం పొద్దున ఆరుంపావుకి చేపలవాళ్ళు రాళ్ళ దగ్గర నీళ్ళలో ఆమె శవాన్ని చూశారు. రాళ్ళ మీద సంచీ, సంచీలో కెమెరా. కెమెరాలో ఫిల్మే లేదు. ఫొటో తీసే ఉద్దేశమే లేకుండా సముద్రం దగ్గరికి వెళ్ళింది. ఇంకేం కావాలి? నాలుగింటికి సంతకం పెడతాను, ఫైలు మూస్తాను.”

గ్యాలరీ గోడ గడియారంలో రెండుంపావు.

ఆ మాట విని బెంచీ మీద కూర్చున్న ఫొటోగ్రాఫర్ అక్క తలెత్తింది. ఆసుపత్రి లాండ్రీలో పని ఆమెది, వేడినీళ్ళకు ముడతలు పడ్డ చేతులు. తల్లి పోయినప్పుడు ఆమెకు పద్దెనిమిది, చెల్లెలికి పన్నెండు. దుప్పట్లు ఉతికి చెల్లెల్ని చదివించింది, కెమెరా కొనిపెట్టింది. నిన్న డిటెక్టివ్ ఇంటికి వచ్చి ఆమె అడిగింది ఒక్కటే. ఎవరినైనా పట్టుకోమని కాదు. ఆ మాట మాత్రం రాయనివ్వొద్దని. తన పెంపకం మీద, చెల్లెలి బతుకు మీద ఆ ఒక్క మాట శాశ్వతంగా ఉండిపోకూడదని.

“గంటా నలభై అయిదు నిమిషాలుంది తల్లీ,” అంది డిటెక్టివ్. “కూర్చో.”

కోపంలో ఆమెకు చూపు సూటిగా ఉంటుంది. భూతద్దం తీసుకుని ఫొటో దగ్గరికి వెళ్ళింది.

గ్యాలరీలో తొమ్మిది ఫొటోలున్నా వాదన అంతా ఈ ఒక్కదాని మీదే. బారెడు వెడల్పు. కింద ఇసుక, పైన నీళ్ళు, ఆ పైన మబ్బు పట్టిన ఆకాశం. మూడూ బూడిదరంగే. నీళ్ళు ఎక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో గీత గీయలేం. మనిషి లేడు, అల లేదు, అడుగు జాడ లేదు. కుడివైపు, పైన, నువ్వుగింజంత నల్లచుక్క. అంతే.

చుక్కను భూతద్దంలో చాలాసేపు చూసింది. మనిషైతే నిలువుగా ఉండాలి. పడవైతే అడ్డంగా ఉండాలి, కింద నీళ్ళలో నీడ పడాలి. ఇది గుండ్రంగా ఉంది. నీడ లేదు.

“తాతా, దీని కింద పేరు లేదేంటి?” అని కాపలా ముసలాయన్ని అడిగింది.

“పేరు పెట్టదమ్మా ఆ పిల్ల. అదో పిచ్చి. కింద డబ్బా పెట్టింది చూశావా? చూసినవాళ్ళు తమకేం కనిపించిందో చీటీ మీద రాసి వేయాలి. ప్రదర్శన అయిపోయాక అందులోంచి ఒకటి ఏరి దాన్నే పేరుగా పెడతానంది.”

“ఎన్ని చీటీలొచ్చాయి?”

“అరవై ఒకటి. వెనక టైము వేశాను. ముప్పై ఏళ్ళు మిల్లు గేటు దగ్గర పని చేశానమ్మా, లోపలికి పోయేదానికి, బయటికొచ్చేదానికి టైము వేయకపోతే నాకు అన్నం అరగదు.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. “చదవండి మేడమ్. కాలక్షేపం అవుతుంది.”

డిటెక్టివ్ చీటీలన్నీ బల్ల మీద పోసింది. ఒక్కొక్కటే తీసి పైకి చదివింది.

“‘మా ఆయన ఆఫీసు నుంచి ఇంటికొస్తున్నాడు. ఇంకా చాలా దూరంలో ఉన్నాడు. హాయి.’ ‘నా బంతి. గాలికి పోయింది.’ ‘రిటైరైన మర్నాడు పొద్దున.’ ‘అద్దం మీద ఈగ. తుడవండి.’ ‘ఇంత గోడకి ఇంతేనా.’ ‘మా ఆవిడ నాతో మాట్లాడని మూడో రోజు.’ ‘పళ్ళెంలో మిగిలిపోయిన ఒక్క మెతుకు.’”

“అది నాది,” అంది అక్క. “చిన్నప్పుడు ఒక మెతుకు వదిలేసేది ఎప్పుడూ. తిట్టేదాన్ని.”

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “అరవై ఒక్కమంది. ఒక్కడికైనా చావు కనిపించిందా? మీ డాక్టరుకి మాత్రం కనిపించింది. ఎందుకో తెలుసా? ఆయన్ని పిలిచే ముందే పిల్ల చచ్చిపోయిందని నువ్వు చెప్పావు. ముందు జవాబు చేతికిచ్చి తరవాత లెక్క చేయమన్నావు.”

“మెతుకని రాస్తే ఆకలిచావు అని ఫైలు రాయనా?”

“నోరు మూసుకో.”

ఆమె గొంతు పెరగలేదు. అయినా కాపలా ముసలాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది.

“నేనిప్పుడు మీ కింద పనిచేయడం లేదు,” అన్నాడు.

“అందుకే పని పాడైంది. కెమెరా ఎక్కడ?”

సీలు వేసిన కవరులోంచి అతను కెమెరా తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టడం కాదు, పడేశాడు. ఆమె చేతికి తొడుగు వేసుకుని వెనక మూత తెరిచింది. ఫిల్ము చుట్టుకునే పళ్ళచక్రం దగ్గర భూతద్దం పెట్టింది. తరవాత భూతద్దాన్ని ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చింది.

అతను వంగి చూశాడు. పళ్ళ మధ్య గోరంత నల్లటి ముక్క ఇరుక్కుని ఉంది.

“ఫిల్ము లేకపోవడం కాదు నాయనా. ఉన్నదాన్ని ఎవరో లాగేశారు. చుట్టకుండా, పట్టుకుని పీకేశారు. చక్రం దగ్గర తెగింది. తన ఫిల్ముని ఫొటోగ్రాఫర్ ఎవరైనా అలా పీకుతుందా? వెలుతురు తగిలితే పాడైపోతుందని పసిపిల్లకి కూడా తెలుసు. దీన్ని పీకినవాడికి ఫిల్ము గురించి ఏమీ తెలీదు. ఏదో ఫొటో ఇందులో ఉందనుకున్నాడు. కెమెరా అంటే పెట్టె, తీసినవన్నీ అందులోనే ఉంటాయనుకున్నాడు.”

టైము రెండు యాభై.

ఆమె మళ్ళీ చీటీల దగ్గరికి వచ్చింది. ఈసారి ముందువైపు కాదు, వెనకవైపు చూస్తూ టైముల వరసలో పేర్చింది. అన్నింటికంటే పాత చీటీలు రెండు. గురువారం, పదకొండున్నర, పదకొండు ముప్పై అయిదు.

“తాతా, గురువారం ప్రారంభం ఎన్నింటికి?”

“పన్నెండుకమ్మా. అంతకుముందు ఇంటివాళ్ళని మాత్రమే రానిచ్చింది. ఇదుగో, ఈ అక్కనీ, బావనీ.”

ఒకటి మెతుకు చీటీ. రెండోదాని మీదా అదే దస్తూరీ. ‘ఇంజన్ ఆపేసిన పడవ.’

“ఇది కూడా నువ్వే రాశావా తల్లీ?”

“రాసింది నేనే, మాట మా ఆయనది,” అంది అక్క. “ఆయన రాయనన్నాడు. నేనే సరదాకి రాసి వేశాను. పడవ ఇంజన్ల మెకానిక్ కదా, ఎక్కడ చూసినా ఇంజనే కనిపిస్తుంది ఆయనకి.”

“మాట ఎలా అన్నాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

“ఎలా అంటే... దగ్గరికెళ్ళి చూశాడు. చాలాసేపు చూశాడు. ‘పడవ. ఇంజన్ ఆపేసి ఉంది’ అన్నాడు. తరవాత, ‘ఎప్పుడు తీశావ్?’ అని చెల్లిని అడిగాడు. తొమ్మిదో తారీకు, తెల్లారి ఆరు కాకముందు అని చెప్పింది. మంచినీళ్ళు కావాలన్నాడు. ఎండన పడి వచ్చాం మరి.”

“తొమ్మిదో తారీకు పొద్దున ఆయన ఎక్కడున్నాడు?”

“ఊళ్ళో లేడు. ఏదో ఇంజన్ చూడాలని ముందురోజే వెళ్ళాడు. బాగా గుర్తు, ఎందుకంటే ఆయనతో కలిసి పడవ కొన్న భాగస్థుడు కనిపించకుండా పోయిందీ ఆ రోజే. వాళ్ళావిడ ఏడుస్తూ మా ఇంటికొస్తే ఈయన లేడని నేనే చెప్పి పంపాను.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీ కిర్రుమంది. డిటెక్టివ్ అతని వైపు చూసింది.

“ఆ ఫైలు ఎవరి దగ్గరుంది?” అని అడిగింది.

“నా దగ్గరే,” అన్నాడు అతను మెల్లగా. “మూడు వారాలైంది.”

“రెండు ఫైళ్ళూ ఒకే బల్ల మీద. ఒకదాని మీద ఇంకొకటి. దాని మీద నీ టీ కప్పు.”

వీళ్ళిద్దరి మొహాలూ చూశాక అక్కకు విషయం అందింది. బెంచీ మీంచి లేచింది.

“ఏంటి మేడమ్, మా ఇంటి మీద పడ్డారు? నా చెల్లెలి కోసం మీ గుమ్మం తొక్కితే నా మొగుడి మీదికి తిప్పుతారా? పదహారేళ్ళ కాపురం నాది. దాని చదువుకి ఫీజు కట్టలేకపోతే ఆయన పెట్టాడు. దాన్ని బండి మీద బడికి దింపినవాడు. పడవ పక్కన పనిచేసేవాడు పడవ అనక పువ్వు అంటాడా?”

“అనడు,” అంది డిటెక్టివ్. “నేను ఆయన్ని ఏమీ అనలేదు ఇంకా. నువ్వే అనుకున్నావు.”

ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

మూడుంపావుకి ల్యాబు మనిషి వచ్చాడు. ఫొటోగ్రాఫర్ ఫిల్ములన్నీ కడిగి ప్రింట్లు వేసేది ఇతనే. మందుల వల్ల గోళ్ళు గోధుమరంగులోకి తిరిగిన బక్క మనిషి. డిటెక్టివ్ పొద్దున ఫోన్ చేసి ఈ ఫొటో నెగెటివులు తెమ్మంది. వాటిని ఛాతీకి అదుముకుని వచ్చాడు. వచ్చీ రాగానే అక్కతో అన్నాడు.

“ఏమనుకోకమ్మా. నిన్న సాయంత్రం మీ ఆయన వచ్చి ఇవే అడిగాడు, గుర్తుగా ఉంచుకుంటానని. మీరు వస్తేనే ఇస్తానన్నాను. కోపం వచ్చి వెళ్ళిపోయాడు.”

అక్క బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. భర్త తనతో ఆ మాట చెప్పలేదని ఆమె మొహమే చెప్పింది.

“ఆ చుక్క ఏంటి?” అని డిటెక్టివ్ ల్యాబు మనిషిని అడిగింది.

అతను గోడ వైపు చూసి తల దించుకున్నాడు.

“బయట ఎవరికీ చెప్పకండమ్మా. ఇరవై రెండేళ్ళుగా ఇదే నా తిండి.”

“చెప్పు.”

“నా తప్పు. ఫిల్ము కడిగేటప్పుడు డబ్బాలో మందు పోయగానే బల్లకేసి రెండుసార్లు తట్టాలి. తట్టకపోతే గాలి బుడగలు ఫిల్ముకి అంటుకుంటాయి. బుడగ ఉన్నచోట మందు పట్టదు. ఫొటోలోకి వచ్చేసరికి అక్కడ నల్లగా తేలుతుంది. ఆ రోజు ఫోన్ మోగితే అటు వెళ్ళాను. తట్టలేదు.” గొంతు సవరించుకున్నాడు. “పాడైందని కాళ్ళ మీద పడ్డంత పనిచేశాను. ఆ పిల్ల చూసి నవ్వింది. ‘ఉండనీ అన్నా, ఇది లేకపోతే సముద్రం మరీ నిద్రపోతోంది’ అంది.”

నెగెటివుని కిటికీ వెలుతురుకి పట్టాడు. పక్క ఫొటో నిమిషం తేడాతో తీసింది. అదే ఇసుక, అవే నీళ్ళు. చుక్క లేదు. దాని పక్కదాంట్లో చుక్కలు రెండున్నాయి. రెండూ ఆకాశం నడిమధ్యన.

ఇన్‌స్పెక్టర్ భూతద్దం పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. మానసిక వైద్యుడి కాగితం అతని చేతిలో నలుగుతోంది.

“గాలి బుడగ,” అంది డిటెక్టివ్. “మీ డాక్టరు దీని మనసు చదివాడు.”

మూడు నలభైకి మెకానిక్ వచ్చాడు. భార్యను తీసుకెళ్ళడానికి వస్తానని పొద్దునే చెప్పాడట. పొడుగ్గా, శుభ్రంగా ఉన్నాడు. గోళ్ళ సందుల్లో మాత్రం ఎంత తోమినా పోని గ్రీజు. డిటెక్టివ్‌కి నమస్కారం పెట్టాడు. ల్యాబు మనిషిని చూసి ఆగాడు. బల్ల మీది నెగెటివులు చూసి ఇంకాస్త ఆగాడు.

“అయిందా? పద, ఇంటికెళ్దాం,” అన్నాడు భార్యతో.

ఆమె కదల్లేదు.

“ఒక్క నిమిషం కూర్చో బాబూ,” అంది డిటెక్టివ్. “ఇన్‌స్పెక్టర్ గారికి ఒక సంగతి వివరిస్తున్నాం. నువ్వూ విను.” ల్యాబు మనిషికి సైగ చేసింది.

అతను మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. డబ్బా, మందు, తట్టడం, బుడగ. చెబుతున్నంతసేపూ డిటెక్టివ్ ఫొటోని చూడలేదు. మెకానిక్ మొహాన్నే చూసింది.

“అబద్ధం,” అన్నాడు అతను.

“ఏది?”

“బుడగేంటి? అది పడవ. గుడ్డివాడికైనా కనిపిస్తుంది.”

“అరవై ఒకటిలో పడవ కనిపించింది నీ ఒక్కడికే. అందులో ఇంజన్ ఆపేసి ఉందని కూడా తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది బాబూ నీ వ్యవహారం. ఆ పొద్దున నీ పడవ ఎక్కడుందో, అందులో నీ భాగస్థుడు ఏమయ్యాడో నాకు తెలీదు. ఇన్‌స్పెక్టర్ గారు కనుక్కుంటారు. నాకు తెలిసింది ఒక్కటే. నువ్వు ఈ ఫొటోలో లేవు. ఎప్పుడూ లేవు. ఇదుగో, నిమిషం తరవాత తీసింది. నీళ్ళు తప్ప ఏమీ లేవు.”

మెకానిక్ నెగెటివు అందుకున్నాడు. వెలుతురుకి పట్టి చూశాడు. పక్కది చూశాడు. తరవాతది చూశాడు, ఆకాశంలో రెండు చుక్కలున్నది. అతని మొహం నిండా కోపం, మోసపోయినవాడి కోపం.

“మరి నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు.

నెగెటివుని బల్ల మీదికి విసిరాడు.

“మూడుసార్లు అడిగాను. మర్యాదగానే అడిగాను. ఆ రాళ్ళ మీద నిలబెట్టి అడిగాను, ఆ నల్లది ఏంటని. బుడగ అని ఒక్క ముక్క అంటే పోయేది కదా. నవ్వింది. ‘నీకేం కనిపించింది బావా, ముందు నువ్వు చెప్పు’ అంది. ఏం చెప్పమంటారు నన్ను? నోటితో చెప్పించాలని చూస్తోందనుకున్నాను. అంతా తెలిసి ఆడిస్తోందనుకున్నాను. ఎవరైనా ఏమనుకుంటారు?”

ఇన్‌స్పెక్టర్ లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. మెకానిక్ విదిలించుకోలేదు. తను ఏం అన్నాడో అతనికి ఇంకా తెలిసినట్టు లేదు. సాక్ష్యం కోసం చూస్తున్నవాడిలా ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తున్నాడు, తనది న్యాయమని ఎవరైనా అంటారేమోనని.

“నువ్వు చెప్పవే,” అన్నాడు భార్యతో. “అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పేదా అది ఎప్పుడైనా?”

అక్క లేచింది. డిటెక్టివ్ ఒక అడుగు ముందుకు వేసి ఇద్దరి మధ్యకు వచ్చింది. అక్కర్లేకపోయింది. అక్క తన భర్త వైపు వెళ్ళలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి ఫైలు తెరిచి, మొదటి పేజీని ఇన్‌స్పెక్టర్ ముందుకు తోసింది.

“ఈ మాట కొట్టేయండి.”

“స్టేషన్‌కి వెళ్ళాక మొత్తం తిరగరాస్తానమ్మా. ముందు ఇతన్ని...”

“ఇక్కడ. నా ముందు.”

“దానికో పద్ధతుంటుంది.”

“రాసేటప్పుడు లేని పద్ధతి కొట్టేసేటప్పుడు వచ్చిందా?”

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు. అతను ఒక చేత్తో మెకానిక్ భుజం అలాగే పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి పెన్ను తీసి, ఆత్మహత్య అన్న మాట మీద అడ్డంగా గీత గీశాడు.

అక్క వంగి చూసింది.

“ఇంకా చదవొస్తోంది,” అంది.

అతను మళ్ళీ గీశాడు.

“చదవొస్తోంది.”

నాలుగోసారికి పెన్ను ముల్లు కాగితాన్ని చీల్చుకుని కింది పేజీలోకి దిగింది. అప్పుడు ఆమె తల ఊపింది. తిరిగి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది, గోడ వైపు మొహం పెట్టి. వెనక నుంచి మెకానిక్ ఆమెను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు, తలుపు దాటేవరకూ.